మనసులోని మాట నోటిదాకా రావాలంటే

ఉద్యోగం మానేయాలనుకుంటున్న సంగతి మా నాన్నగారికి చెప్పడానికి ఒకప్పుడు పది రోజులపాటు మాటలు కూర్చుకున్నాను. తీరా ఫోన్ చేశాక, "నాన్నగారూ, మీతో ఒక మాట చెప్పాలి, అంటే, పరిస్థితుల దృష్ట్యా..." అని నీళ్ళు నమిలాను. ఆయన కాసేపు ఆగి, "డబ్బేమైనా కావాలా?" అన్నారు. కాదన్నాను. "సరే, ఇదిగో అమ్మకిస్తున్నా" అని ఫోన్ చేతులు మార్చేశారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. నేను కూర్చుకున్నవి కాగితం మీద బాగుండే వాక్యాలే గాని నోటికి పట్టేవి కావు. పైగా అసలు నాకేమవుతోందో నాకే తెలియకుండా ఫోన్ అందుకున్నాను.

కాబట్టి మొదటి పని, మనసులో ఉన్నదానికి సరైన పేరు వెతుక్కోవడం. మనలో చాలామంది అన్నిటికీ "బాధగా ఉంది" అనే సరిపెట్టేస్తారు, లేదా "ఫీలయ్యాను" అంటారు. ఈ రెండోది మన నోట్లో పడ్డాక నొచ్చుకోవడం అనే ఒక్క అర్థానికే కుదించుకుపోయింది. అదే మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మాట వినండి. దూరమైన మనిషి మీద పెట్టుకునేది బెంగ. ఏం జరుగుతుందోనని లోపల కూర్చునేది దిగులు. ఏమీ చేయలేని చేతకానితనంలోంచి తన్నుకొచ్చే కోపం ఉక్రోషం. బతిమాలేవాళ్ళున్నారన్న ధీమాతో సొంతవాళ్ళ మీద చూపించేది అలక. నలుగురిలో తక్కువైపోయామనిపిస్తే కలిగేది చిన్నతనం. తెలంగాణలో భయానికి బుగులు, మనోవ్యథకు రంది ఉన్నాయి. మీ ఇంట్లో వాడే మాట ఏదో దాన్నే తీసుకోండి. పుస్తకాల మాట తెచ్చుకుంటే ఎదుటివారు మీ బాధను వదిలేసి మీ భాషను వింటారు.

పేరు వెంటనే దొరకకపోతే ఒంటిని అడగండి. మనకు ఇది కొత్త సంగతి కాదు. భరతముని నాట్యశాస్త్రం మనసులో నిలిచి ఉండే 8 స్థాయీభావాలనూ, వచ్చిపోయే 33 సంచారీభావాలనూ లెక్కపెట్టి ఊరుకోకుండా, కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, గొంతు మారడం, వణుకు, కన్నీరు వంటి, ఒంటి మీద కనిపించే 8 సాత్త్వికభావాలను కూడా వేరే చెప్పింది. వాడుక తెలుగైతే ఈ విషయంలో మరీ ధనికురాలు: మనసు చివుక్కుమంటుంది, గుండె గుబేలుమంటుంది, ప్రాణం ఉసూరుమంటుంది, ఒళ్ళు మండుతుంది, కడుపు తరుక్కుపోతుంది. చివుక్కుమనడానికీ గుబేలుమనడానికీ ఉన్న తేడా తెలుగు తెలిసినవారెవరికీ వివరించనక్కర లేదు. అందుచేత ఇలాంటి ఒక్క మాట దొరికిందంటే సగం పని అయినట్టే. పేరు పెట్టడం వల్ల ఉద్వేగం కొంత నెమ్మదిస్తుందనడానికి ప్రయోగాల ఆధారం కూడా ఉంది. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ లీబర్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, భయం, కోపం నిండిన ముఖాల చిత్రాలను చూస్తూ ఆ భావానికి తగిన మాటను ఎంచుకున్నవారి మెదడులో, ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గినట్టు కనిపించింది.

ఇక వాక్యం. తెలుగులో కోపం మనం చేసే పని కాదు, మన దగ్గరికి వచ్చేది: నాకు కోపం వచ్చింది, నాకు భయం వేసింది, నాకు దిగులు పట్టుకుంది. ఈ "నాకు" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. "నువ్వు నన్ను బాధపెట్టావు" అనగానే ఎదుటి మనిషి ముద్దాయి బోనులోకి వెళ్ళిపోయి తన తరఫు వాదన మొదలుపెడతాడు. "నాకు బాధ కలిగింది" అన్నప్పుడు వాదించడానికి అక్కడ ఏమీ ఉండదు. అయితే ఇక్కడే ఒక గొయ్యి ఉంది, అందులో నేను చాలాసార్లు పడ్డాను. "నువ్వు నన్ను లెక్కచేయడం లేదని నాకు అనిపించింది" అన్న వాక్యంలో "నాకు" ఉంది, "అనిపించింది" ఉంది, కాని భావం మాత్రం లేదు. అది అనిపించింది అనే ముసుగు వేసుకున్న తీర్పు. "అనిపించింది" ముందు "అని" అంటూ ఎదుటివారి మీద ఒక నేరం వచ్చి కూర్చుందా అని చూసుకోవడమే దీన్ని పట్టుకునే ఉపాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఊళ్ళో ఉన్న ఇల్లు అమ్మకానికి పెట్టారన్న మాట తమ్ముడికి బయటివాళ్ళ ద్వారా తెలిసింది. అతడి నోటికి ముందుగా వచ్చేది ఇది: "అన్నయ్యా, నువ్వెప్పుడూ ఇంతే, నేనంటే లెక్కే లేదు నీకు." ఈ "ఎప్పుడూ" అన్న మాటతో ఇరవై ఏళ్ళ పాత పద్దులన్నీ బయటికొస్తాయి, ఇంటి మాట అడుగున పడిపోతుంది. దాని బదులు ఇలా అనవచ్చు: "అన్నయ్యా, ఇల్లు అమ్ముతున్నారన్న సంగతి మొన్న సెంటర్‌లో ఎవరో చెబితే తెలిసింది. వాళ్ళ ముందు నాకు చాలా చిన్నతనంగా అయింది. అమ్మొద్దని కాదు, బేరం కుదిరేలోపు ఒకసారి నన్ను కూర్చోబెట్టి చెప్పు." జరిగింది ఏమిటి, తనకు ఏమైంది, తనకేం కావాలి, అంతే. మూడో ముక్క చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే వినేవారు జాలిపడతారు గాని ఏం చేయాలో తెలియక మాట మార్చేస్తారు.

అనుకున్నదాన్ని ముందుగా కాగితం మీద పెట్టడం మంచిదే; కాని ఆ కాగితాన్ని పైకి చదివి, నాలుక తడబడిన చోటల్లా కొట్టేయండి. వంటింట్లోనో మేడ మీదో ఒక్కరే ఉన్నప్పుడు గట్టిగా అని చూసుకోండి, వీలైతే ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదటి వాక్యం ఒక్కటీ నోటికి వస్తే చాలు, మిగతాది ఆ వెనకే వస్తుంది. మొత్తం బట్టీ పడితే బడిలో ఉపన్యాసంలా ఉంటుంది.

సమయం, చోటు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అన్నం ముందు కూర్చున్నవారితోనూ, చెప్పులు తొడుక్కుంటున్నవారితోనూ మొదలుపెట్టకండి. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, లేదా కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు కళ్ళలోకి చూడాల్సిన పని ఉండదు గనుక మాట తేలిగ్గా వస్తుంది. గొంతు పూడుకుపోతే పూడుకుపోనివ్వండి. గుక్కెడు నీళ్ళు తాగి ఆపిన చోటినుంచే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనంత బరువైన విషయమైతే, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అన్నిటికంటే కష్టమైనది మాట అనేశాక వచ్చే నిశ్శబ్దం. దాన్ని భరించలేక "అబ్బే, ఏం లేదులెండి" అని చెప్పినదంతా మనమే చెరిపేస్తాం. రెండోసారి నాన్నగారికి నేనే వెళ్ళి, ఆయన మొక్కలకు నీళ్ళు పోస్తుండగా చెప్పాను: "నాన్నగారూ, పొద్దున్నే ఆఫీసు గుర్తొస్తే కడుపులో తిప్పుతోంది. మానేద్దామనుకుంటున్నాను. మీరేమంటారోనని భయంగా ఉంది. కోప్పడకుండా ఒకసారి వినండి." ఆయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనకుండా నాలుక కరుచుకుని నిలబడ్డాను. రెండు కుండీలు తడిసేదాకా అలాగే ఉండి, మూడోదాని దగ్గరికి వెళ్తూ, "ఎన్నాళ్ళనుంచి?" అన్నారు.