నీటిలో కరగని మందుకు నానో కణాలు: 3వ పాఠం – పీఎల్‌జీఏలో కర్కుమిన్

పసుపులోని కర్కుమిన్ అసిటోన్‌లో ఇట్టే కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. అసిటోన్ మాత్రం నీటితో ఏ పాళ్లలోనైనా కలుస్తుంది. ఆ కలిసే క్షణంలో పాలిమరూ (ఇక్కడ పీఎల్‌జీఏ, శరీరంలో మెల్లగా విరిగిపోయే పాలిమర్) మందూ (కర్కుమిన్) ద్రావణంలో నిలవలేక చిన్న కణాలుగా బయటపడతాయి. ఈ పాఠంలోని పద్ధతి అంతా దీని మీదే ఆధారపడింది.

గాజు వయల్‌లో 50 మి.గ్రా. పీఎల్‌జీఏ (లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్ల భాగాలు 50:50), 5 మి.గ్రా. కర్కుమిన్ తీసుకుని 5 మి.లీ. అసిటోన్‌లో పూర్తిగా కరిగించండి. 0.45 మైక్రాన్ పీటీఎఫ్‌ఈ (అసిటోన్‌లో కరగని ప్లాస్టిక్) ఫిల్టర్‌తో వడకట్టండి. సెల్యులోజ్ అసిటేట్ ఫిల్టర్ వాడితే అదే అసిటోన్‌లో కరిగి మీ కణాల్లో చేరుతుంది. మరో బీకరులో 20 మి.లీ. శుద్ధ జలంలో 100 మి.గ్రా. పోలోక్సమర్ 188 (కణాలు అంటుకోకుండా చూసే సర్ఫాక్టెంట్) కలపండి. ఇక్కడ ఉప్పు బఫర్లు వద్దు. కణాల మీది విద్యుదావేశాన్ని ఉప్పు కప్పేస్తే అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. క్షార గుణం అసలే పనికిరాదు, కర్కుమిన్ విరిగిపోతుంది.

నీటిని 600 ఆర్‌పీఎం వద్ద తిప్పుతూ, సన్నని సూది మొనను నీటిలో ముంచి నిమిషానికి 1 మి.లీ. చొప్పున అసిటోన్ ద్రావణం వదలండి. పైనుంచి చుక్కలుగా వేయకండి. చుక్క కలిసేలోపు దాని చుట్టూ పాలిమర్ గాఢత ఎక్కువగా ఉండి పెద్ద కణాలు, ఉండలు వస్తాయి. తర్వాత వెలుతురు తగలకుండా బీకరు చుట్టూ రేకు చుట్టి, అసిటోన్ ఆవిరైపోయేలా మూత పెట్టకుండా ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే పెట్టెలో) రాత్రంతా తిప్పండి. తగ్గిన నీటిని 20 మి.లీ.కి పూరించండి.

ఇక ఎక్కువమంది తప్పటడుగు వేసే చోటు. కణాల్లోకి వెళ్లని కర్కుమిన్ నీటిలో కరిగి ఉండదు, స్ఫటికాలుగా నీటిలో చెదిరి ఉంటుంది. హై స్పీడ్‌లో సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీటిలో మందు లేదు కాబట్టి 100% లోపల చేరిందని రాస్తే అది తప్పుడు లెక్క. స్ఫటికాలు కూడా కణాలతోపాటే అడుగుకు దిగుతాయి. ముందు సెంట్రిఫ్యూజ్‌లో 1000 జి (గురుత్వానికి 1000 రెట్లు) వద్ద 10 నిమిషాలు తిప్పండి. అడుగున నారింజ రంగు మడ్డి కనిపిస్తే అది చాలావరకు బయటి మందే. పైద్రవంలో 0.1 మి.లీ. తీసి అసిటోనైట్రైల్‌తో 5 మి.లీ. చేసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 425 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ చదవండి. మొత్తం మందు అందులోనే ఉంటే 5 మైక్రోగ్రా./మి.లీ. రావాలి. స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన గాఢతల రీడింగులతో గీసే గీత) కూడా అదే ద్రావణిలో, 1–5 మైక్రోగ్రా./మి.లీ. పరిధిలో గీయండి. మడ్డిని విడిగా కొలిచి రెండూ కూడితే 5 మి.గ్రా.కు దగ్గరగా రావాలి. బాగా తగ్గితే వెలుతురు తగిలిందా, ఫిల్టర్‌లో నిలిచిపోయిందా చూడండి.

మడ్డి ఎక్కువైతే పోలోక్సమర్ పెంచడం కంటే కర్కుమిన్‌ను 2.5 మి.గ్రా.కు తగ్గించడం మేలు. పాలిమర్ పట్టగలిగినంత మించి వేస్తే మిగిలింది బయటికే వస్తుంది.

తయారైన రోజు డీఎల్‌ఎస్‌లో (చెదిరే కాంతిని బట్టి కణాల సైజు కొలిచే పద్ధతి) సైజు బాగుందని స్థిరత్వం వచ్చేసినట్టు కాదు. 4 డిగ్రీల వద్ద చీకట్లో ఉంచి 1వ, 7వ రోజున మళ్లీ సైజు, పీడీఐ (కణాల సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే సంఖ్య) చూడండి. పీడీఐ 0.2 లోపు నిలవాలి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, మంచు స్ఫటికాలు కణాలను ఒకచోటికి నెట్టి ముద్ద చేస్తాయి. ట్రెహలోజ్ కలిపి ఆరబెట్టే విధానం 4వ పాఠంలో.