కరాటే క్లాసు అలవాట్లను ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

విజయవాడలోనో గుంటూరులోనో సాయంత్రం పూట ఏదైనా స్టేడియం పక్కనుంచి వెళ్తే, తెల్ల డ్రెస్సుల్లో పిల్లలు వరసగా నిలబడి ‘ఇచి, ని, సాన్’ (జపాన్ భాషలో ఒకటి, రెండు, మూడు) అని అరుస్తూ గాలిలోకి పంచ్‌లు విసురుతూ కనిపిస్తారు. గేటు బయట స్కూటర్ల మీద తల్లిదండ్రులు ఫోన్లు చూసుకుంటూ ఎదురుచూస్తుంటారు. లోపల నేర్పుతున్నదానిలో చాలా భాగం ఆ స్కూటర్ల మీద కూర్చున్నవారికే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

పంచ్, కిక్ సంగతి చెప్పడం లేదు. మనలో చాలామందికి ఎవరినీ కొట్టాల్సిన పని జీవితంలో ఒక్కసారి కూడా పడదు. హఠాత్తుగా మీద పడే సందర్భాలు మాత్రం రోజూ ఉంటాయి. ఆఫీసులో పదిమంది ముందు ఎవరో ఒక మాట అంటారు. ఇంట్లో అన్నం దగ్గర గొంతులు లేస్తాయి. అలాంటి క్షణంలో ఆలోచించి చేసేది తక్కువ, అలవాటు కొద్దీ చేసేది ఎక్కువ. కరాటే మాస్టారు చేసే పనల్లా, ఆ అలవాటును గొడవ లేని రోజుల్లో తాపీగా, విసుగు పుట్టేదాకా చేయించి ఒంటికి పట్టించడమే. మనమేమో ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వే రకం. ఈ పద్ధతిని ఇంటికి ఎలా తెచ్చుకోవాలో చూద్దాం. క్లాసులో చేరాల్సిన అవసరం లేదు, చేరితే మంచిదే.

ముందు ఒక్క సందర్భాన్ని ఎంచుకోండి

‘కోపం తగ్గించుకోవాలి’ అనేది సాధన కాదు, కోరిక. సాధనకు ఒక చోటు, ఒక సమయం ఉండాలి. ‘రాత్రి పిల్లవాడి లెక్కల హోంవర్కు దగ్గర నా గొంతు పెరుగుతోంది’ అంటే అది పట్టుకోదగిన సంగతి. ‘అపార్టుమెంటు సెల్లారులో నా చోట్లో వేరే బండి కనిపిస్తే ఒళ్లు మండుతోంది’ అన్నా సరే. కొత్తగా చేరినవాడికి మాస్టారు మొదటి రోజే పది దెబ్బలు నేర్పరు. ఒక్క పంచ్ ఇచ్చి వారాల తరబడి అదే చేయిస్తారు. మీరూ అలాగే ఒకటి రాసుకుని, మిగతావాటిని వదిలేయండి.

నిలబడటం, ఊపిరి వదలడం

కరాటేలో చేతుల కన్నా ముందు కాళ్లు దిద్దుతారు. మన కర్రసాములోనూ అడుగుల పాఠం తప్పదు. ఇంట్లో చేయాల్సింది ఇంతే: పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు బిగించకుండా కొంచెం సడలించి, చెవులదాకా లేచిన భుజాలను కిందికి దించండి. ముక్కుతో గాలి పీల్చి, పీల్చిన దానికి రెట్టింపు సమయం తీసుకుని నోటితో వదలండి. దెబ్బ తగిలే క్షణంలో ఊపిరి వదలడం యుద్ధకళల్లో దాదాపు అన్నిచోట్లా కనిపించే నియమం. ఊపిరి బిగబట్టినవాడి ఒళ్లు కర్రలా అయిపోతుంది, బుర్ర కూడా అంతే.

దీన్ని ఎప్పుడు సాధన చేయాలి అంటే, కోపం లేనప్పుడు. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద సిగ్నలు పడినప్పుడు, లిఫ్టు కోసం ఎదురుచూసేటప్పుడు, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడినప్పుడు. అప్పుడు కుదరనిది గొడవలో కుదరదు.

పడటం నేర్చుకోండి

నన్నడిగితే అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే. 1882లో టోక్యోలో జిగోరో కానో మొదలుపెట్టిన జూడోలో, ఎదుటివాడిని పడేయడం కంటే ముందు తాను దెబ్బ తగలకుండా పడటం నేర్పుతారు. వెనక్కి పడే పాఠం ఇలా ఉంటుంది. చాప మీద గొంతుక్కూర్చుంటారు. గడ్డం ఛాతీకి ఆన్చి, చూపును నడుముకు కట్టిన బెల్టు ముడి మీద నిలుపుతారు. తల వెనక భాగం నేలకు కొట్టుకోకుండా కాపాడేది ఆ చూపే. వీపును గుండ్రంగా చేసి వెనక్కి దొర్లుతూ, రెండు చేతుల్నీ ఒంటికి కాస్త ఎడంగా చాచి అరచేతులు, ముంజేతులతో చాపను ఒక్కసారిగా చరుస్తారు. నోట్లోంచి ఊపిరి బయటికి వస్తుంది. కొత్తవారు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే: పడబోతూ చెయ్యి వెనక్కి ఆన్చడం. ఒంటి బరువంతా మణికట్టు మీద పడి ఎముక విరిగేది అలాగే. పడటం కన్నా, పడకుండా ఆపుకోబోవడమే ఎక్కువ దెబ్బ. (ఇది చదివి గచ్చు మీద ప్రయత్నించకండి. చాప, పక్కన నేర్పే మనిషి, రెండూ ఉండాలి.)

ఇప్పుడు దీన్ని మన ఊళ్లకు అన్వయించి చూడండి. విజయవాడ, గుంటూరు అంటేనే ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లు, ర్యాంకుల హోర్డింగులు. పిల్లవాడికి పైకెక్కడం ఎలాగో నేర్పడానికి లక్షలు పోస్తాం. ఫలితాల రోజున పడితే ఎలా పడాలో ఒక్కరూ నేర్పరు. ఆ రోజు ఇంట్లో అందరూ వెనక్కి ఆన్చే చెయ్యి కూడా ఒకటే: పక్కింటి అబ్బాయికి ఎన్ని వచ్చాయో అడగడం, బంధువులకు ఏం చెప్పాలా అని తల పట్టుకోవడం.

కాబట్టి పరీక్షలకు చాలా ముందే, ఇంట్లో అందరూ బాగున్న ఒక ఆదివారం కూర్చోండి. ఫలితం వచ్చే గంటలో పిల్లవాడి పక్కన ఎవరు ఉండాలో తేల్చుకోండి. ఆ రోజంతా ఎవరూ అనకూడని మాటలు ఏవో పిల్లవాడినే అడిగి రాసుకోండి. వాళ్ల జాబితా చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. సప్లిమెంటరీ రాయడమా, వేరే కోర్సా, ఏడాది ఆగడమా అన్న దారుల్ని పేరు పెట్టి ముందే మాట్లాడుకోండి. చుట్టాల ఫోన్లు ఎత్తే పని తండ్రిదా, మేనమామదా అన్నదీ అప్పుడే నిర్ణయించండి. పిల్లవాడు బాగా కుంగిపోయినట్లు కనిపిస్తే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును ముందే ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టుకోండి.

ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడనీ, కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో తలపడ్డాడనీ మన స్థలపురాణం. ఆ పోరులో అర్జునుడు గెలవలేదు. పాశుపతం మాత్రం అతడికే దక్కింది. ఆ కొండ మెట్లెక్కి మొక్కుకునే ఊళ్లో, ఒక్క పరీక్ష తప్పిన పిల్లవాడిని చూసి మొహం ఎందుకు మాడ్చుకుంటామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పనిని కటాగా కట్టుకోండి

కటా అంటే వరస తప్పకుండా చేసే కదలికల మాల. షోటోకాన్ అనే కరాటే శైలిలో తొలిదశలో నేర్పే హెయాన్ షోడాన్ అనే కటాలో 21 కదలికలు ఉంటాయి. ముందు ముక్కలుగా, నెమ్మదిగా; తర్వాత కలిపి; వేగం ఆఖరున. మీ ఇంట్లో పొద్దున్నే స్కూలు బస్సు హడావుడి ఉంటే దాన్ని ఇలాగే విడగొట్టండి. రాత్రి పడుకునే ముందు పుస్తకాల సంచి తలుపు దగ్గరికి, బూట్లలో సాక్సులు, నీళ్ల సీసా కడిగి బోర్లించడం. పొద్దున లేవగానే స్నానం, ఆ తర్వాతే టిఫిను. ఫోను బస్సెక్కాకే. ఈ వరసను సెలవు రోజున ఒకసారి ఉత్తుత్తిగా చేయించండి, పిల్లలు ఆటలా చేస్తారు. ఎక్కడ ఆలస్యమవుతోందో అప్పుడు తెలుస్తుంది. సాధారణంగా అది ఒకే చోట ఉంటుంది, ఎక్కువగా రెండో సాక్సు దగ్గర.

దూరం

ఎదుటివాడి చెయ్యి అందనంత దూరంలో ఉంటే సగం గొడవ లేనట్లే. 1922లో ఒకినావా నుంచి టోక్యో వచ్చి జపాన్‌లో కరాటేకు ప్రచారం తెచ్చిన గిచిన్ ఫునాకోషి కూడా మొదటి దెబ్బ మనది కాకూడదనే బోధించారు. రోడ్డు మీద బండి రాసుకుని అవతలివాడు కేకలు వేస్తుంటే ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు ఛాతీ ఎత్తులో తెరిచి ఉంచి, తక్కువ గొంతుతో మాట్లాడండి. మాట వినే మనిషి కాడనిపిస్తే వెళ్లిపోండి, లేదా అత్యవసర నంబరు 112కు ఫోను చేయండి. కరాటే వచ్చు కదా అని చెయ్యి చేసుకుంటే చట్టం ఊరుకోదు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి కానీ, రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేసే హక్కు ఇవ్వవు.

కుటుంబ వాట్సాప్ గ్రూపులో దూరం అంటే సమయం. రాత్రి వచ్చిన మెసేజీకి జవాబు పొద్దున.

తట్టగానే వదలండి

జూడోలో పట్టులో చిక్కినవాడు ఎదుటివాడి ఒంటి మీదో చాప మీదో అరచేత్తో రెండుసార్లు తడతాడు. తట్టిన మరుక్షణం పట్టు వదిలేయాలి. ‘ఇంకొంచెం బిగిస్తే ఏం పోయింది’ అనేవాడితో ఎవరూ సాధన చేయరు. తట్టడం అవమానం కాదు కాబట్టే, ఇద్దరూ భయం లేకుండా మొత్తం బలం పెట్టగలుగుతారు.

భార్యాభర్తల మధ్య ఈ నియమం ఒక్కటి వచ్చినా చాలు. గ్యాస్ బండ బుక్ చేయలేదన్న మాటతో మొదలైన వాదన, ఐదో వాక్యానికల్లా పెళ్లినాటి పెట్టుపోతల దాకా వెళ్లిపోవడం మనకు తెలియనిది కాదు. ఒక గుర్తు పెట్టుకోండి: బల్ల మీద రెండుసార్లు తట్టడం. ఎవరైనా తట్టవచ్చు, భర్తే తట్టాలనీ భార్యే తగ్గాలనీ లేదు. తట్టాక రెండోవారు ‘ఈ ఒక్క మాట చెప్పనివ్వండి’ అనకూడదు. ఆ ఒక్క మాటే మెడ విరిచేది. తట్టినవారికీ ఒక బాధ్యత ఉంది: మళ్లీ ఎప్పుడు మాట్లాడుకోవాలో అప్పటికప్పుడే చెప్పాలి. ‘భోజనాలయ్యాక మేడ మీద కూర్చుందాం’ అంటే సరిపోతుంది. చెప్పి రాకపోతే అది తట్టడం కాదు, తప్పించుకోవడం. మొదట టీవీ శబ్దం లాంటి చిల్లర గొడవల్లో వాడి చూడండి. అత్తమామలు కూడా ఇంట్లో ఉంటే వారికీ చెప్పండి. లేకపోతే మీరు బల్ల తట్టిన ప్రతిసారీ మీరు కాఫీ అడుగుతున్నారేమోనని అత్తయ్యగారు అనుకుంటారు.

గ్రేడింగ్

బెల్టు రంగు మారేది నెలలకోసారి, అదీ వేరేవారు చూసి ఇస్తే. మీరు ఎంచుకున్న సందర్భంలో మార్పు వచ్చిందో లేదో మూడు నెలలకోసారి ఇంట్లో ఒకరిని అడగండి. హోంవర్కు అయితే పిల్లవాడినే అడగాలి. వాడు పెద్దగా మారలేదంటే అదే పాఠం ఇంకో మూడు నెలలు. మారిందంటే రెండో సందర్భానికి వెళ్లండి.

నిజంగానే క్లాసులో చేరాలనిపిస్తే డబ్బు కట్టేముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. వెనక వరసలో నిలబడిన బొద్దు పిల్లవాడితో మాస్టారు ఎలా మాట్లాడుతున్నారు, అమ్మాయిలకు తప్పు దిద్దేటప్పుడు చెయ్యి ఎక్కడ వేస్తున్నారు, జూడో అయితే పడటం నేర్పాకే పట్లు నేర్పుతున్నారా అన్నవి గమనించండి. గోడ మీది కప్పులు, ఫొటోలు తర్వాత. మే నెలలో మన ఎండలకు సాయంత్రం ఐదింటికి కూడా నేల కాలుతూనే ఉంటుంది, కాబట్టి వేసవిలో తెల్లవారుజాము క్లాసుకే వెళ్లండి. నలభై దాటినవారు, మోకాళ్లకో నడుముకో నొప్పి ఉన్నవారు ముందు డాక్టరును అడిగి, ఆ సంగతి మాస్టారుకు మొదటి రోజే చెప్పేయండి.