కాలిన గాయాలు: కనిపించేదాన్ని బట్టి కారణం, చేయాల్సిన పని

ఎర్రగా కందింది, మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది

చర్మం పై పొర కాలింది. టీ ఒలికినా, ఆవిరి తగిలినా ఇలాగే అవుతుంది. వేడి వస్తువు దూరమైనా చర్మంలో చేరిన వేడి ఇంకా లోపలికి దిగుతూనే ఉంటుంది. అర నిమిషం నీళ్లు పోసి వదిలేస్తే మంట మళ్లీ అందుకునేది అందుకే.

గడియారం చూసుకుని 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచండి. ఎండాకాలం ట్యాంకు నీళ్లు సలసలా వస్తాయి కాబట్టి బిందెలో నీళ్లు చెంబుతో ధారగా పోయడం మేలు. కాలి మూడు గంటలు దాటకపోతే ఆలస్యమైనా ఈ పని చేయండి. ఐసు మాత్రం వద్దు, రక్తనాళాలు ముడుచుకుని గాయం ఇంకా లోతెక్కుతుంది. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయాలి. పసిపిల్లలు త్వరగా చల్లబడిపోతారు. కాలిన చోటే నీళ్లు పోసి, మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పండి.

టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, కాఫీ పొడి దయచేసి పూయకండి. గాయం ఎంత లోతుందో డాక్టరుకు కనిపించదు. కాలిన చర్మం మీద నుంచి వాటిని కడిగి తీసేటప్పుడు పడే బాధ వేరు.

బొబ్బలు లేచాయి

చర్మం రెండో పొర దాకా కాలింది. మరిగే నూనె, గంజి, బైకు సైలెన్సర్ వల్ల ఎక్కువగా జరుగుతుంది. గంజి జిగటగా అంటుకుని వేడిని వదలదు. తడిసిన బట్ట వెంటనే విప్పేయండి, చర్మానికి అతుక్కుపోతే లాగకుండా చుట్టూ కత్తిరించండి. తర్వాత అవే 20 నిమిషాల నీళ్లు. బొబ్బ చిదమొద్దు, కింది పచ్చి చర్మాన్ని కాపాడేది అదే. ఉతికిన నూలు బట్ట వదులుగా కప్పండి. దూది పోగులు అంటుకుంటాయి, వాడొద్దు.

తెల్లగానో నల్లగానో మాడింది, నొప్పి లేదు

నొప్పి లేదని ఊరట పడకండి, నరాల కొసలు కూడా కాలిపోయాయని అర్థం. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా నీళ్లు పోయండి. గాయపడినవారి అరచెయ్యి కంటే పెద్ద గాయమైనా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, పొగ పీల్చి గొంతు బొంగురుపోయినా ఆస్పత్రికే.

యాసిడ్, సున్నం పడింది

రసాయనం కడిగేసేదాకా తింటూనే ఉంటుంది. పొడి సున్నమైతే ముందు గుడ్డతో దులపండి, నీళ్లు తగిలితే వేడెక్కుతుంది. ఆ తర్వాత ఆగకుండా ధారగా కడగండి. యాసిడ్‌కు విరుగుడని సోడా పొడి చల్లొద్దు, ఆ చర్యకే వేడి పుడుతుంది. కంట్లో పడితే ఆ కన్ను కిందికి ఉండేలా తల వంచి, రెప్పలు తెరిచి కనీసం 20 నిమిషాలు కడిగి, కంటి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కరెంట్ కొట్టింది, చిన్న మచ్చే ఉంది

కరెంట్ ఒక చోట దూరి మరో చోట బయటికి వస్తుంది, మధ్యలో కండరాలను కాలుస్తుంది, గుండె లయ తప్పొచ్చు. మెయిన్ ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు. ఊపిరి ఆడకపోతే 108కి చెప్పి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. లేచి మామూలుగా నడుస్తున్నా అదే రోజు ఈసీజీ తీయించాలి.