గోబర్ గ్యాస్ ప్లాంటు: గ్యాస్ గాల్లో కలవకుండా కట్టడం, నడపడం

రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే ప్లాంటు రోజూ 50 కిలోల పచ్చి పేడ అడుగుతుంది. మేస్త్రీని పిలవకముందే వారం రోజులు కొట్టంలో పేడ ఎత్తి కాటా వేసి చూడండి. మేతకు తోలుకెళ్లే పశువుల పేడ సగం బీట్లోనే పడిపోతుంది. కట్టేసి మేపే పశువులు నాలుగుంటే సరిపోతుంది. కిలో పచ్చి పేడకు దాదాపు 40 లీటర్ల గ్యాస్ లెక్కన రోజుకు రెండు ఘనపు మీటర్లు, అంటే అయిదారుగురి వంట. వేడిలో అది రోజుకు 0.86 కిలోల ఎల్‌పీజీకి సమానం. 14.2 కిలోల సిలిండరు పదహారు రోజులు వచ్చినట్టు.

ఇక్కడే ఇంకో లెక్క చూడాలి. గోబర్ గ్యాస్‌లో 55 నుంచి 65 శాతం మీథేన్ అనే మండే వాయువు, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. మీథేన్‌ను పొయ్యిలో మండిస్తే, గడ్డి ఏ గాలిలోంచి తీసుకుందో ఆ గాలిలోకే కార్బన్ డయాక్సైడ్‌గా తిరిగిపోతుంది. మండకుండా లీకైతే మాత్రం, నూరేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. రెండు ఘనపు మీటర్ల గ్యాస్‌లో మీథేన్ దాదాపు 0.8 కిలోలు. ఎల్‌పీజీ మానడం వల్ల రోజుకు తగ్గే కార్బన్ డయాక్సైడ్ 2.6 కిలోలు. గ్యాస్‌లో ఎనిమిదో వంతు లీకైతే ఆ లాభం కాస్తా పోయినట్టే. అందుకే ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ గుమ్మటం మీదా, గొట్టం అతుకుల మీదా పెట్టాలి.

మన ఊళ్లలో ఎక్కువగా కట్టేది ఇటుక గుమ్మటం ఉన్న దీనబంధు నమూనా. అఫ్‌ప్రో (AFPRO) అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని 1984లో తెచ్చింది. తుప్పు పట్టే ఇనుప డ్రమ్ము ఉండదు కాబట్టి ఖర్చు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. కానీ గుమ్మటం పగిలితే బాగు చేయడం కష్టం. రెండు ఘనపు మీటర్లకు సుమారు 1000 ఇటుకలు, 16 బస్తాల వరకు సిమెంటు పడతాయి. ఇటుక ఒకదానితో ఒకటి కొడితే ఖంగున మోగాలి. వంటింటికి దగ్గరగా, ఎండ తగిలేచోట, మంచినీళ్ల బావికి కనీసం 15 మీటర్ల ఎడంగా చోటు చూడండి. వేప, రావి లాంటి చెట్ల పక్కన వద్దు, వేళ్లు గోడలో దూరతాయి. నీళ్లు ఊరే నేలైతే వేసవిలోనే గొయ్యి తవ్వించాలి. గుమ్మటం లోపలి గిలాబా మూడు విడతల్లో నున్నగా మెత్తించి, పైన గ్యాస్ పోకుండా ఆపే పెయింటు వేయించండి. కనీసం పది రోజులు తడుపుతూ ఉండాలి. తొందరపడి ఈ తడపడం తగ్గించిన చోటే సన్నటి నెర్రెలు వస్తాయి.

పేడ పోయకముందే నీళ్లతో పరీక్ష చేయించండి. మొదట గ్యాస్ వాల్వు తెరిచి నీళ్లు నింపి, గోడలు పీల్చుకునేదాకా రెండు మూడు రోజులు ఉంచండి. నీటిమట్టం దిగడం ఆగాక వాల్వు మూసి, బయటి తొట్టిలో (పులిసిన పేడ జావ బయటికొచ్చే తొట్టి) మట్టం పైకి వచ్చేదాకా ఇంకా నీళ్లు పోసి గీత పెట్టండి. మర్నాటికి గీత కంటే బాగా దిగిపోతే గుమ్మటంలోంచి గాలి పోతున్నట్టు. పేడ నింపాక ఈ తప్పు దిద్దడం దాదాపు అసాధ్యం, కాబట్టి ఈ పరీక్ష అయ్యేదాకా మేస్త్రీకి పూర్తి డబ్బు ఇవ్వకండి.

మొదటి నింపుడుకు రెండు టన్నుల పచ్చి పేడ, రెండు వేల లీటర్ల నీళ్లు కావాలి. ఎండిన పేడ పనికిరాదు. నడుస్తున్న ప్లాంటు నుంచి నాలుగైదు డ్రమ్ముల స్లర్రీ (పులిసిన పేడ జావ) తెచ్చి కలిపితే తోడు వేసినట్టు పనిచేస్తుంది. మొదట వచ్చే గ్యాస్ మండదు, పైగా అందులో గాలి కలిసి ఉంటుంది. ఆరుబయట రెండు మూడుసార్లు వదిలేయండి. గుమ్మటం దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. పొయ్యి మీదే వెలిగించి చూడండి.

రోజువారీ పని అరగంట. పేడ, నీళ్లు సమానంగా కలపాలి. అలుకు పేడ కంటే పలచగా, కల్లాపి కంటే చిక్కగా ఉండాలి. గడ్డిపోచలు చేత్తో తీసేయండి, లేకపోతే లోపల పైన తేలి అట్ట కడతాయి. రాళ్లు, మట్టి అడుగున పేరుకుంటాయి. ఫినాయిలు, సబ్బునీళ్లు కలిసిన కడుగునీరు ఎప్పుడూ పోయవద్దు. యాంటీబయాటిక్ ఇచ్చిన పశువు పేడ కొన్నాళ్లపాటు పోయవద్దు. అవి గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులను చంపుతాయి. చలికాలంలో వేడి 20 డిగ్రీల లోపుకి పడితే గ్యాస్ తగ్గుతుంది. ఆదిలాబాద్, అరకు వైపు ఇది బాగా తెలుస్తుంది. ఎండలో కాగిన నీళ్లు కలపడం, గుమ్మటం మీద గడ్డి కప్పడం కొంత సాయం. వేసవిలో గ్యాస్ మిగిలిపోతుంటే పేడ తగ్గించండి. గుమ్మటం నిండాక మిగతా గ్యాస్ బయటి తొట్టిలోంచి బుడగలుగా గాల్లోకి పోతుంది. చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది కానీ అందులో సగానికి పైగా మీథేనే.

గొట్టాన్ని వంద సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు వాలుతో వేసి, అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట నీళ్లు వదిలే కుళాయి పెట్టించండి. మంట ఎగిరెగిరి పడుతుంటే గొట్టంలో నీళ్లు చేరాయని అర్థం. మంట పసుపుగా ఉండి గిన్నె మసిబారితే పొయ్యి గాలి రంధ్రం ఇంకొంచెం తెరవాలి. మంట బర్నరును వదిలి పైకి లేస్తుంటే వాల్వు తగ్గించాలి. ఎల్‌పీజీ పొయ్యి దీనికి కుదరదు, దాని జెట్ రంధ్రం మరీ సన్నం. గ్యాస్ ఉన్నట్టుండి తగ్గితే ఆలస్యం చేయకుండా ప్రతి అతుకుకూ సబ్బునురుగు రాయండి. బుడగ వస్తే అక్కడే లీకు. రబ్బరు గొట్టం పగుళ్లిస్తే అతుకు వేయకుండా మార్చేయండి.

బయటికొచ్చే స్లర్రీని ఎండలో ఆరబెడితే నత్రజనిలో చాలా భాగం అమ్మోనియాగా ఎగిరిపోతుంది. కాలువ నీళ్లతోపాటే పొలానికి పారించండి. వీల్లేకపోతే నీడలో గొయ్యి తీసి, ఎండుటాకుల పొరల మధ్య పోసి కప్పండి.

పశువులను అమ్మేసి ప్లాంటు ఆపాలనుకుంటే పేడ పోయడం ఆపాక కూడా వారాల తరబడి గ్యాస్ వస్తూనే ఉంటుంది. దాన్ని వంటకే వాడుకోండి. శుభ్రం చేయాల్సివస్తే స్లర్రీ అంతా బయటి నుంచే బక్కెట్లతోనో పంపుతోనో తోడాలి. ఖాళీ అయినట్టు కనిపించినా లోపలికి దిగవద్దు. అందులో ప్రాణవాయువు ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఎక్కువైతే కుళ్లిన గుడ్డు వాసన కూడా ముక్కుకు తెలియదు. ఒకరు పడిపోతే కాపాడబోయి వెంటనే ఇంకొకరు దిగవద్దు.