టైలర్ టేపుతో చరిత్ర

చెన్నైలో పిల్లల్ని ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్తుంటే బ్యాగులో ఒక టైలర్ టేపు పడేసుకోండి. మామూలు 150 సెంటీమీటర్లదే చాలు. (శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకోండి.) సున్నా అంటే ఈరోజు, ఒక్కో సెంటీమీటరు వందేళ్లు.

చోళుల కంచు విగ్రహాల ముందు 10 మీద వేలు పెట్టించండి. తంజావూరు పెద్ద గుడి 1010లో పూర్తయింది. కాంబోడియాలో అంగ్‌కోర్ వాట్ 9 దగ్గరే ఉంటుంది. మన అమరావతి శిల్పాలు చాలావరకు 18, 19 దగ్గర పడతాయి; అప్పుడు అటు రోమ్ సామ్రాజ్యం మంచి ఊపులో ఉంది. క్రీస్తుపూర్వం తేదీలకు మాత్రం వందల లెక్కకు 20 కలుపుకోవాలి (2500 అయితే 25కి 20, అంటే 45). గిజా పిరమిడ్, మొహెంజోదారో రెండూ 45 చుట్టుపక్కలే. సుమేరు (ఇప్పటి దక్షిణ ఇరాక్) రాత 53. పశ్చిమాసియాలో వ్యవసాయం మొదలు సుమారు 115. టేపులో మిగతాదంతా వేట, ఆహార సేకరణే.

అసలు మజా రాతి పనిముట్ల దగ్గర. తిరువళ్లూరు జిల్లా అత్తిరంపాక్కంలో దొరికిన గొడ్డళ్లు దాదాపు 15 లక్షల ఏళ్లవి. ఇలాంటి టేపులు వంద కావాలి, అంటే 150 మీటర్లు. అంత దూరం పిల్లల్ని ఆవరణలో నడిపించండి, చెప్పడం కంటే అదే నయం.