పాత్ర ఎత్తు గుమ్మం దగ్గర చూపించండి

పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి కొత్తగా కథలు రాస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక చిట్కా. "అతను ఐదడుగుల పదకొండు అంగుళాలు, 82 కిలోలు" అని పాత్రను పరిచయం చేయకండి. ఆ అంకెలతో మనిషి కళ్లముందు కదలడు, పేజీ తిప్పేసరికి అవి గుర్తుకూడా ఉండవు. దాని బదులు అతన్ని పాత పెంకుటింటి గుమ్మం దగ్గరికి తీసుకురండి. చేతిలో కాఫీ గ్లాసు తొణకకుండా, తల వంచి, భుజం ఓరగా తిప్పి లోపలికి వస్తాడు. వెనకే మేనమామ తిన్నగా నడిచొచ్చేస్తాడు. ఇద్దరి ఎత్తూ తెలిసిపోయింది, ఆ ఇల్లు అతనికి అలవాటేననీ తెలిసింది.

అంకెకి పని ఉన్నచోట మాత్రం కచ్చితంగా రాయాలి. పక్కనే ఉన్న పాతపట్నం కుర్రాడు ఆంధ్రాలో కానిస్టేబుల్ సెలెక్షన్‌కి వెళ్లాడనుకోండి. జనరల్‌లో మగవాళ్లకి కావలసిన ఎత్తు 167.6 సెంటీమీటర్లు. వాడు 167 దగ్గర ఆగిపోతే ఆ ఆరు మిల్లీమీటర్లే కథ. అక్కడ "కాస్త పొట్టివాడు" అని సరిపెడితే టెన్షన్ అంతా పోతుంది. టైలరు పాత్ర ఉంటే అతన్ని కూడా అంగుళాల్లోనే మాట్లాడనివ్వండి, అతని నోట కొలతలు చక్కగా అతుకుతాయి.