డిస్క్ కనపడని ల్యాప్‌టాప్: నా అనుభవం

మా మేనల్లుడు కావలిలో డిగ్రీ చదువుతున్నాడు. వాడి ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెడితే, డిస్క్ ఎంచుకోమనే చోట ఖాళీ పెట్టె తప్ప ఏమీ లేదు. నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే "డిస్క్ పోయింది, కొత్తది వెయ్యాల" అన్నారంట. "మామా, ఫొటోలన్నీ పోయినట్టేనా?" అని వాడు బిక్కమొహం వేశాడు.

నాకు మనసొప్పలా. ఎఫ్2 నొక్కి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగుల తెర) పోయి చూస్తే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఆ ల్యాప్‌టాప్ డిస్క్) పేరు నిక్షేపంగా ఉంది. అక్కడ కనపడి ఇన్‌స్టాలర్‌లో కనపడలేదంటే, లేనిది చాలావరకు డ్రైవరే, అంటే డిస్క్‌తో మాట్లాడే చిన్న సాఫ్ట్‌వేర్. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే, డిస్కులను చూసుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. డిస్క్ దాని వెనకాల ఉండిపోయి, దాని డ్రైవర్ లేకపోతే ఇన్‌స్టాలర్‌కి కనపడదు. వీఎండీ ఆఫ్ చేస్తే కనపడుద్ది గానీ, అప్పటికే ఉన్న విండోస్ బూట్ కాకుండా (మొదలవకుండా) పోవచ్చు. అందుకే నేను దాని జోలికి పోలేదు.

వీఎండీకి కావాల్సిన ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించుకున్నా. ఈఎక్స్‌ఈ ఫైలు అట్నే పెడితే పనికిరాదు. దాన్ని విప్పి, ఐఎన్‌ఎఫ్ ఫైళ్లున్న (ఇన్‌స్టాలర్ డ్రైవర్‌ను గుర్తుపట్టేది వీటితోనే) ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వెయ్యాల. మొదటిసారి నేనూ ఇక్కడే గంటసేపు ఆగిపోయా. 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డరు చూపించగానే పార్టిషన్లన్నీ (డిస్క్‌లోని భాగాలు) వరసగా వచ్చాయి. ఫొటోలున్న డీ డ్రైవును ముట్టుకోకుండా, సీలో మాత్రమే విండోస్ ఎక్కించా.